కొండ మీది మాటలు

పొద్దున్నే కొడుకు మోటారు స్విచ్చి వేశాడు. బెల్టు పట్టుకుంది, రాయి తిరిగింది, ఇల్లంతా సన్నగా అదిరింది. వంటింట్లో గిన్నెల మీద మూతలు గలగలమన్నాయి. ముందు గదిలో పిండిమర, వెనక రెండు గదుల్లో ముసలి దంపతుల కాపురం, మేడ మీద కొడుకూ కోడలూ. ఆ ఇంట్లో తెల్లారడమంటే అదే.

ముసలాయన అప్పటికే మర తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. కనుబొమ్మల నిండా పిండి. పని కొడుక్కి అప్పగించి చాలాకాలమైనా, పొద్దునపూట ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. భార్య గడపలోకి వచ్చి వేళ్లు గుండ్రంగా ముడిచి చూపించింది. టీ. ఆయన అరచెయ్యి కిందికి ఊపాడు. కాసేపాగి.

ఆ మోతలో నోటి మాట పనికి రాదు. అందుకని పెళ్లయిన కొత్తలోనే ఇద్దరికీ చేతుల భాష అబ్బింది. కడుపు మీద చెయ్యి వేస్తే భోజనం. చెవి పట్టుకుంటే కొడుకు, ఎందుకంటే చిన్నప్పుడు వాడి చెవి మెలిపెట్టని రోజు లేదు. ముక్కు పట్టుకుంటే, పిండి ఎంత మెత్తగా పట్టినా బరకగా ఉందనే ఎదురింటాయన. కోపాలొచ్చినా చేతులతోనే. ఒకసారి గోధుమలు తెచ్చినావిడ లోపలికి తొంగి చూసి, మీ అమ్మా నాన్నా డాన్సు నేర్చుకుంటున్నారా అని కొడుకును అడిగింది. వాళ్లప్పుడు పోట్లాడుకుంటున్నారు.

చిక్కేమిటంటే, మర ఆగాక కూడా ఆయన నోరు తెరిచేవాడు కాదు. భోజనాల దగ్గరా చేతులే. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయని భయం మీ నాన్నకి, అని ఆవిడ కొడుకుతో అనేది.

వారానికోసారి మరకి సెలవు. ఆ రోజు ఇద్దరూ మొదటి బస్సెక్కి దగ్గర్లోని కొండమీది ఊరికి వెళ్లేవాళ్లు. సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లు. కొడుకు చిన్నప్పుడు వాణ్ణి నాయనమ్మ దగ్గర వదిలి వెళ్లేవాళ్లు. వాడు పెద్దయ్యాకా ఇద్దరే. అదేమంత పెద్ద ఊరు కాదు. ఒక బజారు, ఉన్ని బట్టల కొట్లు, చెక్క బల్లలేసిన టీకొట్టు, ఎటు తిరిగినా మెట్లు. పై మెట్టు మీద కూర్చుంటే కింద లోయంతా పొగమంచు. ఆ మంచుగాలిలో ఆవిడ కళ్లు మూసుకుని కూర్చునేది. దీనికి చలంటే ఇష్టం అనుకున్నాడు ఆయన. అనుకోవడమే గానీ, ఎప్పుడూ అడగలేదు.

పోయిన నెల ఆ మెట్ల మీదే ఆవిడ కూలబడింది. ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. టీకొట్టువాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోసుకొచ్చారు. పరీక్షలన్నీ చేశాక, ఈ గుండె ఎత్తులకి తట్టుకోదు, ఇక కొండలెక్కొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మరుసటి సెలవు రోజున ఆవిడ మామూలుగానే చీర మార్చుకుని, సంచీ సర్దుకుని కూర్చుంది. మెట్లెక్కను, బజారు దాకా వెళ్లొద్దాం అంది. ఆయన గుమ్మంలో నిలబడి రెండు మణికట్లూ అడ్డంగా పెట్టి చూపించాడు. మర మూసేశాం, రేపు రండి అని దానర్థం. ఆలస్యంగా వచ్చినవాళ్లకి చూపించే సైగ. ఆవిడ కాసేపు ఆ చేతుల వైపే చూసింది. సంచీలోవి తీసి ఎక్కడివక్కడ పెట్టేసింది.

అప్పటినుంచి ఆవిడ సరిగ్గా తినలేదు. ఆయన సైగ చేస్తే చూసీ చూడనట్టు పక్కకి తిరిగేది. గుండె నీరసం అన్నాడు కొడుకు. ఎండకి తట్టుకోలేకపోతోంది అనుకున్నాడు ఆయన. ఎవరికీ చెప్పకుండా వెళ్లి, మనిషంత కూలరొకటి బండి మీద వేయించుకొచ్చాడు.

సెలవు రోజు పొద్దున్నే దాన్ని వెనక గదిలో పెట్టారు. కొడుకు నీళ్లు పోసి, ఐసుముక్కలు వేసి, స్విచ్చి నొక్కాడు. పిండిమరకి తమ్ముడు పుట్టినట్టు ఒకటే హోరు. ఆవిడ చీరకొంగు ఎగిరి మొహాన పడింది. ఆయన భార్య ముందు నిలబడి, చేతులు భుజాలకి చుట్టుకుని, కళ్లెగరేసి అడిగాడు. చల్లగా ఉందా?

ఆవిడ లేచి వెళ్లి ప్లగ్గు పీకేసింది.

కొడుక్కి ఒళ్లు మండింది. నాన్న ఎంత ఆశపడి తెచ్చాడో తెలుసా అన్నాడు. వద్దన్నదే కావాలని చిన్నపిల్లలా ఆ అలకేమిటన్నాడు. ఆఖరికి, "ప్రాణం మీదికొచ్చినా నీకా కొండే కావాలా అమ్మా?" అన్నాడు.

"కొండ నాకెందుకురా?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "చలికి నా మోకాళ్లు పట్టేస్తాయి. ఇన్నేళ్లూ పట్టేసిన మోకాళ్లతోనే ఆ మెట్లెక్కాను."

"మరెందుకు వెళ్లావు?"

"అక్కడ మీ నాన్న మాట్లాడతారు."

కొడుకు తండ్రి వైపు చూశాడు. తండ్రి నేల వైపు చూశాడు.

ఆవిడ మంచం మీద కూర్చుని చెప్పుకొచ్చింది. బస్సు దిగి టీకొట్టు చేరేసరికి ఆయన గొంతు విచ్చుకునేదట. మూడో తరగతిలో బడి మాన్పించి తండ్రి మర దగ్గర నిలబెడితే, పలకని గోధుమల బస్తా కింద దాచుకుని ఏడ్చిన సంగతి అక్కడే చెప్పాడట. మర రాళ్ల సంగతులు, మనుషుల సంగతులు, వచ్చిన కలలు, అన్నీ అక్కడే.

"నువ్వు పుట్టినప్పుడు నీ పాదాలు పట్టుకుని చూసి, పెరట్లోకెళ్లి ఏడ్చారట. అది నాకు ఎప్పుడు చెప్పారో తెలుసా? నీకు మీసాలొచ్చాక. ఆ మెట్ల మీద." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఆ కొండ పోతే నాకీయన చేతులే మిగులుతాయిరా. వద్దన్న మాటైనా నోటితో అన్నారా? మణికట్లు చూపించారు. నేనేమన్నా ఆలస్యంగా డబ్బా పట్టుకొచ్చినదాన్నా?"

కొడుకు కూలరు తీగ చుట్టి పక్కన పెట్టాడు. వెళ్తూ వెళ్తూ తండ్రి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, వీధిలోకి వెళ్లిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. మర లేదు, కూలరు లేదు. ఆ నిశ్శబ్దంలో ముసలాయనకి తన ఊపిరి తనకే వినబడింది. కొండ మీద మోత ఉండదు గనక మాట వచ్చేది, వచ్చిన మాట గాలికి పోయేది అనుకున్నాడు ఇన్నాళ్లూ. పక్కన కూర్చుని ఒక మనిషి దాన్నంతా మూటకట్టుకుంటోందని ఆయనకి తోచనే లేదు.

ఆయన వచ్చి మంచం మీద కూర్చున్నాడు. తప్పు నాదే అని చెప్పడానికి చెయ్యి దానంతటదే గుండె మీదికి లేచింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది. రెండోదీ లేవబోతే దాన్నీ పట్టుకుని, రెండూ కలిపి తన ఒళ్లో పెట్టుకుంది.

"వీటికి ఇవాళ సెలవు," అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. బెల్టు వదులైంది, బిగించాలి అన్నాడు. ఆవిడ ఊఁ కొట్టింది. ఎదురింటాయన నిన్న పిండి బాగుందన్నాడు, ఒంట్లో బాలేదేమో అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆ తరవాత ఆయన మాట కోసం వెతుక్కున్నాడు. ఆవిడ చేతులు వదల్లేదు, తొందరపెట్టలేదు.

"నిన్ను కుర్చీలో మోసుకొస్తుంటే నేను వెనకాల నడిచాను," అన్నాడు. "నీ చెప్పొకటి జారిపోయింది. తీసుకున్నాను. దారంతా అది చేత్తో పట్టుకుని, మళ్లీ దీని కాలికి తొడుగుతానో లేదో అనుకున్నాను. భయమేసింది. ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాను. ఈ ఇంట్లో నాకు నోరు రాదు. నువ్వు లేకపోతే నేను..."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మేడ మీంచి కోడలు పళ్లెంలో మూడు కప్పుల టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, గదంతా కలయజూసింది.

"ఎవరో వచ్చారనుకున్నాను అత్తయ్యా. కొత్త గొంతు వినిపిస్తేనూ."

"ఎవరూ రాలేదమ్మా, మీ మామయ్యే," అంది ఆవిడ. "ఆ మూడో కప్పు నువ్వు తీసుకుని ఇలా కూర్చో."

కోడలు కింద చాప మీద కూర్చుంది. టీ అందుకోవడానికి ఆవిడ ఆయన చెయ్యి ఒకటే వదిలింది. ఆయన ఎక్కడ ఆపాడో అక్కణ్ణించి మళ్లీ మొదలుపెట్టాడు.