మంచాలు మారిన పొద్దు

పొద్దున ఆరు గంటలకు రాబర్ట్‌సన్‌పేట వృద్ధాశ్రమంలో పనిచేసే ఇసబెల్లా రోజూలాగే మంచానికొక గిన్నె చొప్పున మాత్రలు పెట్టి వంటింట్లోకి వెళ్లింది. ఇడ్లీలు ఆలస్యమై ఏడున్నరకు తిరిగొచ్చింది. షుగరున్న మునిశామప్ప మంచం మీద ఆమె మామ ఆరోగ్యస్వామి కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలో గిన్నె ఖాళీ.

ఇద్దరూ కోలారు బంగారు గనిలో పనిచేసినవాళ్లు. గని మూతపడి ఏళ్లయినా ఈ ముసలాళ్లకు షిఫ్టు పిచ్చి వదల్లేదు. పొద్దున ఆరు దాటగానే ఒకరినొకరు లేపుకుని, కిటికీ పక్క మంచం వంతులవారీగా మార్చుకుంటారు. అది తెలిసీ ఇసబెల్లా మరిచింది. మునిశామప్పకు పోయింది ఉత్త విటమిన్ మాత్ర. మామ మింగింది షుగర్ మాత్ర, ఆయనకేమో షుగరే లేదు.

"చేతులు వణకతా ఉండాయమ్మా," అన్నాడాయన. ఒళ్లంతా చెమట.

మాత్రలిచ్చేవాళ్లంతా కోలారులో వారం రోజులు శిక్షణ తీసుకోవాలని ఆశ్రమం చెప్పినప్పుడు భర్త డెరిక్ ఒప్పుకోలేదు. మాత్ర నోట్లో వేయడానికి చదువెందుకని, ఇంట్లో వంటెవరు చేస్తారని విసుక్కున్నాడు. వెళ్లొచ్చానని ఇసబెల్లా నర్సు నాన్సీతో అబద్ధమాడింది. ఇప్పుడు నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మామే పోతాడు.

నాన్సీ దగ్గరికి పరిగెత్తింది.

"అక్కా, మామకు షుగర్ మాత్ర పోయింది. నేను ట్రైనింగుకు పోలేదు, నీకు అబద్ధం చెప్పినాను."

నాన్సీ తిడుతూ కూర్చోలేదు. గ్లూకోజు కలిపి తాగించింది, వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూసింది, డాక్టరును పిలిపించింది. షుగర్ అంకె కాస్త పెరిగి మళ్లీ పడిపోయింది. ఇసబెల్లా మామ చేయి వదలకుండా, వచ్చిన ప్రార్థనలన్నీ కలగాపులగంగా చదువుకుంది.

మధ్యాహ్నానికి తాను పనిచేసే వేమగల్ ఫ్యాక్టరీ నుంచి డెరిక్ ఊడిపడ్డాడు. తండ్రి మంచం పక్కనే, నలుగురిలో భార్య మీద విరుచుకుపడ్డాడు.

"ఇంగ కొంచెం ఆలస్యమైతే మా అప్ప పోయుండు. ఎట్ల చేసినావు ఇది?"

ఇసబెల్లా తలెత్తింది. "గిన్నె పెట్టేసి పోకూడదంట. పేరడిగి ఇచ్చి, మింగేదాకా నిలబడి చూడాలంట. ఈ పొద్దు నాన్సక్క చెప్తే తెలిసింది. నువ్వు పోనియ్యలేదు, నేను దాచినాను. ఇద్దరం కలిసి చేసినాము."

డెరిక్ వెళ్లి తండ్రి కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ప్రమాదం తప్పిందని సాయంత్రానికి డాక్టరు చెప్పాడు. శిక్షణ పూర్తయ్యేదాకా మాత్రలు ముట్టవద్దని నాన్సీ గట్టిగా చెప్పింది. వంట తాను చూసుకుంటానని, రేపే కోలారు బస్సెక్కమని డెరిక్ తలవంచుకుని అన్నాడు.

నాన్సీ రాత్రి మాత్ర తెస్తే ఆరోగ్యస్వామి నోరు తెరవలేదు. కోడలి వైపు చేయి చాచాడు.

"నువ్వే ఇయ్యమ్మా."

ఇసబెల్లా రెండు చేతులూ వెనక్కి తీసుకుంది. కళ్లనీళ్లు ఆగలేదు.

"ఇప్పుడు వద్దు మామా. నేర్చుకొని వచ్చి ఇస్తాను."