యాభై ఒకటో కొలత

మిషిగన్‌లోని ట్రాయ్‌లో మనవాళ్ల దగ్గర ఆ ఇంటి పేరెత్తితే ముందు బేస్‌మెంట్ గురించే చెప్తారు. ఆరేళ్లలో నాలుగు కుటుంబాలు మారాయి. సగటున పద్దెనిమిది నెలలు. వెళ్లిపోయిన వాళ్లందరూ చెప్పింది ఒక్కటే — కింద ఎవరో లెక్కపెడతారు.

ఆ ఇల్లు కట్టించుకున్న రాల్ఫ్ అనే ముసలాయన అక్కడే బల్ల వేసుకుని తన రివాల్వర్‌కి తూటాలు నింపుకునేవాడట. ఓసారి ఒక తూటాలో మందు రెండుసార్లు పడింది. చూసుకోలేదు. రివాల్వర్ చేతిలోనే పగిలి, కుడిచెయ్యి పోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ బల్ల ముందే కూర్చుని అంకెలు గొణిగేవాడట.

2011లో ఆ ఇల్లు కొన్నది మా ఆఫీస్ ఫణికుమార్. ఇది అతను నాకు చెప్పిందే.

గ్రీన్‌కార్డ్ వచ్చాక ఫణి కూడా ఒక పాత రివాల్వర్ కొన్నాడు. 1896 నాటిది. షాపులో దొరికే తూటాల ఒత్తిడికి ఆ పాత ఇనుము ఆగదు. కాబట్టి కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలు తెచ్చి, కొంచెమే మందు పోసి, పైన సీసపు గుండు బిగించుకోవాలి. ఆ మందు గొట్టంలో సగం కూడా రాదు. పొరపాటున రెండోసారి పడినా అందులోనే ఇమిడిపోతుంది... గుండు బిగిస్తే ఇక పైకి ఏమీ తెలియదు.

డిసెంబర్, శుక్రవారం. సాయంత్రం ఐదున్నరకే చీకటి. పొద్దున తొమ్మిదికి షూటింగ్ రేంజ్‌లో స్లాట్ బుక్ చేశాడు.

"ముందు కాల్చేది నేనే," అంది భార్య ఇంద్రజ. "నీకు గురి ఎలాగూ లేదు. నింపడమైనా సరిగ్గా నింపు."

ఫణి కిందికి దిగాడు. ఒక్క బల్బు. బల్ల మీద యాభై ఖాళీ గొట్టాలు. మొదటిది మందు కొలిచి పోసే మెషీన్ కింద పెట్టి లివర్ లాగాడు. మందు జలజలా పడింది.

"లాభం..."

ఎవరో గుసగుసగా అన్నారు.

మన ఊళ్లలో గింజలు కొలిచేటప్పుడు 'ఒకటి' అనరు కదా, మొదటి కొలతని లాభం అంటారు. చిన్నప్పుడు బియ్యం కొట్లో తండ్రి లెక్క చెప్తుంటే కొలిచి పోసింది ఫణే. ఆ మాట విని పదిహేనేళ్లయింది. ఇప్పుడు మిషిగన్‌లో... నేలకి ఎనిమిదడుగుల కింద...

"రెండు..."

అతని కళ్లు చీకటి మూల వైపు ఉన్నాయి. చెయ్యి దానంతటదే లివర్ లాగింది. గుండు బిగించి, రెండో గొట్టం పెట్టి లాగాడు.

"మూడు..."

ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ చప్పుడే నాకు అంకెల్లా వినిపిస్తోంది — అనుకున్నాడు. వెనక్కి చూడలేదు. గుండు బిగించాడు. ఇంకో గొట్టం పెట్టాడు. గుసగుస ఆగలేదు. లివర్ లాగినప్పుడల్లా ఒక అంకె... ఆడ గొంతో మగ గొంతో తెలియదు.

చివరి గొట్టం. మందు పడింది.

"యాభై ఒకటి."

ఫణి చెయ్యి లివర్ మీదే ఉండిపోయింది.

తూటాలన్నీ ఒకే డబ్బాలో కలిసిపోయి ఉన్నాయి. లెక్కపెట్టాడు. యాభై. మళ్లీ లెక్కపెట్టాడు. యాభై. మందు సీసా తూకం వేశాడు. తగ్గిన బరువుని యాభైతో భాగిస్తే ఒక కొలత బరువుకి తేడా వస్తోంది. యాభై ఒకటితో భాగిస్తే... సరిగ్గా సరిపోయింది.

ఏదో ఒక తూటాలో రెండు కొలతలున్నాయి. రివాల్వర్‌లో ఒకసారికి ఆరు పడతాయి. పొద్దున ఇంద్రజ చేతిలో అది పగిలే అవకాశం పన్నెండు శాతం.

ఇంద్రజని పిలిచాడు. ఆమె వచ్చి అతని మొహం చూసింది.

"ఏమైంది? దెయ్యం కనిపించిందా?"

"ఏదో ఒకదాంట్లో మందు రెండుసార్లు పడింది. అన్నీ విప్పాలి. యాభై. ఒక్కోదానికి రెండు నిమిషాలు."

"రేపు మానేద్దాంలే ఫణీ."

"ఎల్లుండైనా ఇవే కదా."

ఇద్దరూ కూర్చున్నారు. అతను సుత్తిలాంటి పనిముట్టులో తూటా బిగించి, నేలకి కొట్టి గుండు ఊడదీస్తున్నాడు. ఆమె మందు కాగితం మీద పోసి తూస్తోంది. పది... ఇరవై... ముప్ఫై ఆరు.

ముప్ఫై ఏడోది ఒంపింది. కుప్ప పెద్దగా పడింది.

ఇంద్రజ తన కుడిచేతిని ఒళ్లోకి లాక్కుంది.

భోజనాల దగ్గర ఫణి జరిగిందంతా చెప్పాడు. ఇండియా నుంచి వచ్చి ఉన్న అత్తగారు రాధారాణి వింటూ వింటూ నవ్వేసింది.

"అయ్యో బాబూ, లాభం అన్నది నేను. రాత్రి అన్నానికి బియ్యం కొలుస్తున్నాను. ఈ హీటర్ గొట్టంలోంచి కిందికి వినిపించి ఉంటుంది." వంటగది నేల మీద ఉన్న హీటర్ జాలీ చూపించింది.

ఇంద్రజ పగలబడి నవ్వింది. "అంటే ఆరేళ్లుగా ఊరంతా భయపడింది ఒక హీటర్ గొట్టానికా?"

ఫణికి అప్పుడు అర్థమైంది — ఆమె 'రెండు' అన్నప్పుడు కొట్లో అలవాటైన చెయ్యి అదే గొట్టంలో మళ్లీ పోసేసింది. అతనూ నవ్వాడు.

"ఇంతకీ ఎవరికత్తయ్యా, యాభై ఒక్క గ్లాసుల బియ్యం?"

రాధారాణి గరిటె పట్టుకుని అలాగే చూసింది.

"మనం ముగ్గురమే కదా బాబూ. మూడు గ్లాసులు పోసి కుక్కర్ పెట్టేశాను. ఆ తర్వాత నువ్వే కదా కింద లెక్కపెట్టుకుంటున్నావు... నాకూ వినిపిస్తూనే ఉంది."