గోడౌన్ మీది గదులు

మంగళవారం వచ్చిందంటే రమణమ్మ పెందలాడే లేచి పెద్ద గిన్నెలో ఉప్మా చేస్తుంది. చీరాల బట్టల మార్కెట్లో వ్యాపారులంతా కలిసి పాత రంగుల గోడౌన్ మీది గదులు బాగుచేయించి, నిలువ నీడ లేని ఆడవాళ్లకి ఆశ్రయం ఇస్తున్నారు. మొగుడు గెంటేసినవాళ్లు, అత్తింట ఇమడలేనివాళ్లు, అద్దె కట్టలేక రోడ్డున పడ్డవాళ్లు అక్కడ కొన్నాళ్లుండి, ఏదో ఒక దారి చూసుకుని వెళ్తారు. వంట వంతుల ప్రకారం ఒక్కో షాపు వాళ్లది. మంగళవారం రమణమ్మ భర్త చలమయ్య ఇంటిది. చీరల షాపు చలమయ్యంటే మార్కెట్లో అందరికీ గురి. వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే.

ఆ రోజు చట్నీ రుబ్బడానికి కోడలు అనూష రాలేదు. రమణమ్మ రెండుసార్లు పిలిచి, చివరికి మేడమీదకి వెళ్లి చూసింది. గదిలో కొడుకు నాగచైతన్య ఒక్కడే బోర్లా పడుకుని ఉన్నాడు. మందు వాసన ఇంకా పోలేదు.

"అనూష ఏదిరా?"

"పుట్టింటికి పోయుంటుంది. పోనీ" అన్నాడు, దిండులోంచి మొహం ఎత్తకుండానే.

రమణమ్మ కిందికి దిగి దర్శిలో ఉన్న వియ్యపురాలికి ఫోన్ చేసింది. నేరుగా అడగలేక ఎండల గురించీ, మిరప పంట గురించీ మాట్లాడింది. మాటల్లో తేలిందేమిటంటే, అనూష అక్కడికి వెళ్లలేదు.

అయినా గోడౌన్ దగ్గర ఆకలితో ఎదురుచూసేవాళ్లుంటారని ఉప్మా గిన్నె ఆటోలో పెట్టుకుని బయల్దేరింది. దారిపొడవునా రైల్వే పట్టాలకేసి చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

గదుల బాగోగులు చూసే అమీర్‌బీ మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. రోజూ నవ్వుతూ పలకరించే మనిషి, ఇవాళ గిన్నె అందుకోకుండా రమణమ్మ చెయ్యి పట్టుకుంది.

"లోపలికి రండమ్మా. మీరు చూడాల్సిన మనిషి ఉంది."

పంపు దగ్గర ఎవరిదో నైటీ వేసుకుని అనూష మొహం కడుక్కుంటోంది. పెదవి చిట్లి వాచిపోయింది. అత్తగారిని చూసి బెదరలేదు, ఏడవలేదు. పైటలా భుజం మీద వేసుకున్న తువ్వాలు సర్దుకుంది, అంతే.

"ఇదేం పనమ్మాయ్! పద, ఇంటికి పద" అంది రమణమ్మ గొంతు తగ్గించి. "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"ఏ ఇంటికి అత్తయ్యా? నన్ను బయటికి నెట్టి తలుపేసుకున్నాడు మీ అబ్బాయి. వాకిట్లో నిలబడి మిమ్మల్నే పిలిచాను. మీ గదిలో లైటు వెలిగింది. హమ్మయ్య, వస్తున్నారనుకున్నాను. మళ్లీ ఆరిపోయింది."

లైటు వేసింది రమణమ్మే. ఆర్పిందీ తనే. ఇప్పుడు తలుపు తీస్తే వాడు ఇంకా రెచ్చిపోతాడు, కాసేపటికి వాడే తీస్తాడులే అని తనకి తాను చెప్పుకుని, దుప్పటి చెవుల మీదకి లాక్కుని పడుకుంది.

"పోనీ మీ అమ్మ దగ్గరికైనా వెళ్లకపోయావా తల్లీ?"

"వెళ్తే సర్దుకుపొమ్మని మళ్లీ తెచ్చి మీ ఇంట్లోనే దింపుతుంది. కిందటిసారి దింపింది కదా. మీతో వడ్డించడానికి వచ్చినప్పుడల్లా చూసేదాన్ని, ఇక్కడికొచ్చినవాళ్లని ఎవరూ తిరిగి పొమ్మనరు. ఊళ్లో నాకు గుర్తొచ్చిన తలుపు ఇదొక్కటే." అనూష పంపు కట్టేసింది. "నేనిక్కడున్నట్టు ఆయనకి చెప్పకండి. ఆ ఒక్క సాయం చెయ్యండి చాలు."

రమణమ్మ చెప్పలేదు. కానీ చీరాల ఎంత ఊరు? సాయంత్రానికల్లా ఎవరో డాబా మీద అనూషని చూశారు. మాట చైతన్యకి చేరింది. వాడు బండి తీసుకుని విసురుగా బయల్దేరేసరికి, రమణమ్మ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆటో ఎక్కి వాడి వెనకే షాపుకెళ్లింది.

షాపులో చలమయ్యతో పాటు రెడీమేడ్ దుస్తులు కుట్టించే అష్రఫ్, మరికొందరు వ్యాపారులు కూర్చుని ఉన్నారు. గోడౌన్ గదుల మారు తాళాలు అష్రఫ్ దగ్గరే ఉంటాయి.

"మా ఆవిడ్ని బయటికి పంపించు అష్రఫ్" అని అరిచాడు చైతన్య. "మా నాన్న పెట్టించిన గదుల్లో నా పెళ్లాన్ని దాస్తావా?"

చలమయ్య మొహం పాలిపోయింది. సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది. "అమ్మాయిని పంపించెయ్యి అష్రఫ్. ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటాం. ఇది మా ఇంటి విషయం" అన్నాడు.

"బాబాయ్, అద్దకం పనిచేసే అతను పెళ్లాం కోసం వచ్చి గొడవ చేసినప్పుడు మీరేమన్నారు? ఇక్కడికొచ్చిన ఆడమనిషి తనంతట తాను వెళ్లాలి తప్ప ఎవరూ లాక్కుపోవడానికి లేదన్నారు. అతనిదీ ఇంటి విషయమేగా?" అన్నాడు అష్రఫ్.

"నేను అధ్యక్షుణ్ణి. నేను చెప్తున్నా."

"అయితే తాళాలు మీరే తీసుకోండి" అంటూ అష్రఫ్ గుత్తి ఆయన ముందు పెట్టాడు. "ఆ గది తలుపు మాత్రం నా చేత్తో తియ్యలేను."

చైతన్య తాళాల మీదకి చెయ్యి చాపాడు. అంతవరకూ గుమ్మంలో నిలబడ్డ రమణమ్మ ఒక్క ఉదుటున వచ్చి ఆ గుత్తి గుప్పిట్లో బిగించింది.

"అమ్మా, ఇటివ్వు. ఇంటి పరువు బజారున పడుతోంది."

"పరువా? రాత్రి అది మన వాకిట్లో నిలబడి తలుపు కొట్టిందిరా! నువ్వు తియ్యలేదు. నేనూ తియ్యలేదు." ఎన్నడూ నలుగురిలో గొంతెత్తని రమణమ్మకేసి అందరూ తిరిగి చూశారు. ఆమె భర్తవైపు తిరిగింది. "ఏమండీ, ఆ పిల్ల నన్ను అత్తయ్యా అని పిలిచింది. నేను విన్నాను. విని లైటార్పేసి పడుకున్నాను. ఎవరెవరి పిల్లలకో ప్రతి మంగళవారం ఉప్మా చేసి మోసుకెళ్తున్నానే, నా ఇంట్లో పిల్లకి గడియ తియ్యలేకపోయాను! వీడు కొడుతున్నాడని మీకు మాత్రం తెలియదా?"

చలమయ్య తలొంచుకున్నాడు. ఎదురుగా ఉన్న వ్యాపారులు కూడా తలలు దించుకున్నారు. చలమయ్య లేచి, భార్య గుప్పిట్లోంచి తాళాలు మెల్లగా తీసుకుని అష్రఫ్ చేతిలో పెట్టాడు.

"వీడు ఆ మెట్లెక్కితే పోలీసులకి నేనే ఫోన్ చేస్తాను" అన్నాడు.

"అంటే కొడుకుని వదిలేసుకుంటారా నాన్నా?" అన్నాడు చైతన్య.

"వదలను. ఇన్నాళ్లూ చూసీచూడనట్టు ఊరుకున్నానే, అదిరా నిన్ను వదిలేయడం! రేపు గుంటూరు వెళ్దాం. తాగుడు మాన్పించే డాక్టరు దగ్గర కూర్చుందాం. ఆ పిల్ల విషయంలో మాత్రం ఆ పిల్ల ఏమంటే అదే."

అనూష ఇంటికి రాలేదు. అష్రఫ్ దగ్గర జాకెట్లు కత్తిరించే పనిలో చేరింది. కొన్ని వారాలు ఆ గదుల్లోనే ఉండి, వ్యాపారులు మాట సాయం చేస్తే వేటపాలెం రోడ్డులో చిన్న పోర్షన్ అద్దెకి తీసుకుంది. చైతన్య గుంటూరు వెళ్లొస్తున్నాడు. కొన్నాళ్లు తాగకుండా ఉంటాడు, మళ్లీ జారతాడు, మళ్లీ తండ్రే తీసుకెళ్తాడు.

అనూష కొత్తింట్లో దిగే రోజు రమణమ్మ ఎవరూ పిలవకుండానే వెళ్లింది. లోపల అమీర్‌బీ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వింటూ గేటు బయట గోడ పక్కనే నిలబడింది. వెనక్కి తిరగబోతుంటే అనూష బయటికొచ్చింది.

"అక్కడే నిలబడ్డారేం? పాలు పొంగించాలి."

"క్షమించమని అడుగుదామని వచ్చాను తల్లీ. నోరు రావట్లేదు." రమణమ్మ కళ్ల నీళ్లు బొటబొటా రాలాయి.

"ఇప్పుడే అడగకండి అత్తయ్యా. నాకింకా కోపం పోలేదు. ఎప్పటికి పోతుందో కూడా తెలీదు" అంది అనూష. ఆమె కళ్లూ నిండాయి. ఓ అడుగు ముందుకేసి గేటు గడియ తనే తీసి, పక్కకి తప్పుకుని దారిచ్చింది. "ముందు లోపలికి రండి."

ఇద్దరూ స్టవ్ దగ్గర పక్కపక్కన నిలబడ్డారు. కొడుకు సంగతి రమణమ్మ ఎత్తలేదు. అనూష అడగలేదు. పాలు అంచుదాకా వచ్చినప్పుడు, స్టవ్ కట్టెయ్యబోయిన అత్తగారి చెయ్యి, పొంగనీ అన్నట్టు అనూష పట్టుకుని ఆపింది. పొంగాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.