మత్తు దిగాక చెప్పండి

“మీ హీరోయిన్‌కి నోరు లేదండీ,” అంది ఎడిటర్.

పళ్ళ డాక్టర్ తెల్లబోయాడు. అంత లావు నవల రాసి, మంచీ చెడూ చూసిపెట్టమని ఆమె చేతిలో పెట్టి, కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసినవాడికి దక్కిన మొదటి మాట అది.

“ఎందుకు లేదండీ? రెండో పేజీలోనే వర్ణించాను. ఆమె నవ్వితే...”

“పళ్ళు కనిపించాయి. చదివాను. ముందు పళ్ళు, కోరపళ్ళు, పక్కన చిన్న సందు. పళ్ళ గురించి పేజీన్నర ఉంది. మాట మాత్రం ఒక్కటీ లేదు. హీరో ప్రేమిస్తున్నానంటాడు, ఆవిడ తల దించుకుంటుంది. అలిగి వెళ్ళిపోతాడు, కన్నీళ్ళు పెట్టుకుంటుంది. తిరిగొస్తాడు, స్పృహ తప్పుతుంది. డాక్టర్‌గారూ, ఆవిడకి కావలసింది హీరో కాదు, టానిక్కు.”

కిటికీ బయట వాన మొదలైంది. అతను కిటికీ రెక్క దగ్గరికి వేసి వచ్చి, బుద్ధిగా ఒప్పుకున్నాడు.

“నా తప్పు కాదండీ, చేసే పని అలాంటిది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా ముందు కూర్చునేవాళ్ళందరూ నోరు తెరుచుకునే ఉంటారు. ఒక్కరూ మాట్లాడరు. మాట్లాడేదంతా నేనే. అలవాటైపోయింది.”

నవ్వకూడదనుకుంటూనే ఎడిటర్ నవ్వేసింది.

ఆమె ఎవరి దగ్గరా ఉద్యోగం చేయడం లేదు. అన్నయ్య ఇంటి మేడమీది గదిలో బల్ల వేసుకుని, ఎవరు ఏ పుస్తకం రాసి తెచ్చినా చదివి, దిద్ది, దారిలో పెట్టి పంపుతుంది. వచ్చే రచయితల్లో వాదించేవాళ్ళున్నారు, మూతి ముడుచుకుని మెట్లు దిగిపోయేవాళ్ళున్నారు. దిద్దిన ప్రతిచోటా “ఎందుకు?” అని అడిగి, జవాబు చివరిదాకా వినేవాడు మాత్రం ఇతనే తగిలాడు.

అలా ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టాడు.

“ప్రతి అధ్యాయంలోనూ వానేనా?”

“ప్రేమకథ కదండీ.”

“ఇన్ని వానల్లో తడిస్తే మీ హీరో ఈపాటికి మంచం పట్టాలి. నాలుగు తీసేయండి.”

“రెండు.”

“మూడు. నా దగ్గర బేరాలుండవు.”

“మూడంటే బేరమే కదండీ!”

ఆడవాళ్ళు ఎలా మాట్లాడతారో తనకు తెలియదని అతను చేతులెత్తేస్తే, ఆమె హోంవర్క్ ఇచ్చింది. “ఈ వారమంతా ఎవరు మాట్లాడుతున్నా అడ్డు తగలకండి. ఊరికే వినండి.”

తర్వాతి ఆదివారం అతను ఏదో వింత చూసినవాడిలా వచ్చాడు.

“మా అమ్మ గంటసేపు మాట్లాడిందండీ! తర్వాత వంటింట్లోకి వెళ్ళి నాన్నతో గుసగుసగా అంటోంది, ‘అబ్బాయికి ఒంట్లో బాగోలేనట్టుంది, నేను చెప్పేది వింటున్నాడు’ అని.”

ఇద్దరూ పగలబడి నవ్వారు. టీ తెచ్చిన వదిన గుమ్మంలోనే ఆగి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“మేం చదువుకునే రోజుల్లో వ్యాకరణంలో ఇంత నవ్వు లేదమ్మాయ్,” అంటూ కప్పులు పెట్టి వెళ్ళిపోయింది.

ఎడిటర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఇబ్బంది పోగొట్టడానికో ఏమో, అతను మాట మార్చాడు.

“ఇంతకుముందు పెద్ద పబ్లిషింగ్ ఆఫీసులో చేసేవారట కదా. ఎందుకు మానేశారు?”

వదినకు కూడా చెప్పని సంగతి అతనికి ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు.

“అక్కడ అందరి వాక్యాలూ నేనే చక్కదిద్దేదాన్ని. మీటింగుల్లో నా వాక్యం ఒక్కటి కూడా ఎవరూ పూర్తి కానిచ్చేవాళ్ళు కాదు. ఒకరోజు సగం మాటలో లేచి వచ్చేశాను. ఆ మిగతా సగం ఇప్పటికీ గొంతులోనే ఉంది.”

అతను ఓదార్చలేదు, సలహా ఇవ్వలేదు. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా విన్నాడు, అంతే. అతను వెళ్ళిపోయాక ఆమెకు చాలాసేపటిదాకా పని మీదికి మనసు పోలేదు.

కొద్దిరోజులకు కొత్త అధ్యాయం పంపాడు. ఎడిటర్ బజారు నుంచి వచ్చేసరికి వదిన మెట్ల మీద కూర్చుని ఆ కాగితాలే చదువుతోంది.

“ఈ పిల్ల భలే మాట్లాడుతోందే! ‘మిగతా సగం ఇప్పటికీ గొంతులోనే ఉంది’ అంటోంది చూడు. నాకైతే ఏడుపొచ్చేసింది.”

ఎడిటర్ కాగితాలు లాక్కుంది. అక్షరం పొల్లుపోకుండా తన మాటలే. వెంటనే ఫోన్ చేసింది.

“నేను నమ్మి చెప్పుకున్నది నన్ను అడక్కుండా పుస్తకంలో పెట్టేశారా?”

“చాలా బాగున్నాయనిపించి...”

“బాగున్నవన్నీ మీవైపోతాయా? మీ హీరోయిన్‌కి నోరు ఇచ్చారు, సంతోషం. నాది తీసుకెళ్ళి ఇచ్చారు. వేరే ఎడిటర్‌ని చూసుకోండి.”

ఆ ఆదివారం అతను రాలేదు. రావద్దన్నది తనే. అయినా గేటు చప్పుడైనప్పుడల్లా తల అటే తిరుగుతోంది. వదిన అలవాటుకొద్దీ రెండు కప్పులు తెచ్చి, ఒకటి వెనక్కి తీసుకెళ్ళింది.

ఇది చాలదన్నట్టు దవడ పన్ను సలపడం మొదలైంది. తెల్లారేసరికి బుగ్గ బూరెలా పొంగింది.

“ఈ లోకంలో ఇంకో పళ్ళ డాక్టరే లేడా వదినా?”

“ఎందుకు లేరు, బోలెడుమంది. కానీ ఇతను వీధి చివరే ఉన్నాడు. నీ బుగ్గ చూస్తే వీధి చివరిదాకా ఆగడమే కష్టంగా ఉంది. నడువు.”

ఆమెను చూసి డాక్టర్ గతుక్కుమన్నాడు. అంతలోనే మాస్కు వేసుకుని డాక్టరైపోయాడు. “లైటు కళ్ళలో పడుతోందా? ఇక్కడ తాకొచ్చా? నొప్పెడితే ఎడమ చెయ్యెత్తండి, ఆపేస్తాను.” అడగనిదే ఏదీ చేయలేదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక మాస్కు తీసి, స్టూలు ఆమెకు కనిపించేలా ముందుకు జరుపుకున్నాడు.

“మత్తెక్కడానికి కాస్త టైం పడుతుంది. ఈలోగా ఒక మాట. అడక్కుండా తీసుకోవడం తప్పే. ఆ పేజీలు తీసేశాను. పుస్తకం మొదటికొచ్చినా ఫర్వాలేదు, మళ్ళీ రాసుకుంటాను. మిమ్మల్ని ఒకటి అడగాలని కూడా ఉంది. ఇప్పుడు మాత్రం అడగను.”

“ఎంఫుకూ?” అంది ఆమె. సగం నాలుక అప్పటికే కర్రలా అయిపోయింది.

“ఇప్పుడు మీరు జవాబు చెప్పలేరు కాబట్టి. మత్తు దిగాక, చెప్పాలనిపిస్తే చెప్పండి. అనిపించకపోతే ఈ పన్ను మీద గట్టివేవీ నమలకండి, అంతే.”

ఆమెకు ఒళ్ళు మండింది. అనాల్సినవి బోలెడున్నాయి. ఆగలేక అప్పుడే మొదలుపెట్టింది. పుస్తకం గురించి, ఆదివారం గురించి, అతని పొగరు గురించి ఫకారాల్లో దంచి పారేసింది. అతను కదలకుండా కూర్చున్నాడు. మధ్యలో మాట అందివ్వలేదు, తలాడించలేదు, నవ్వలేదు. ఆమె ఆయాసపడి ఆగేదాకా కళ్ళలోకే చూస్తూ విన్నాడు.

“ఒక్క ముక్క అర్థం కాలేదండీ,” అన్నాడు. “కానీ మొత్తం విన్నాను.”

ఆమె చూపు తిప్పేసుకుంది. కంట్లో నీళ్ళు పంటి వల్ల వచ్చినవి కావు.

పన్ను మళ్ళీ చూపించుకోవాల్సిన రోజున, వదిన కంటే ముందే తయారైంది. క్లినిక్‌లో ముందు ఒక తాతగారి వంతు. తలుపు తెరిచే ఉంది. లోపల ఆయన నోటినిండా దూదితో కుర్చీలో వాలి ఉన్నారు. ఎడిటర్ కాసేపు కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఇక లాభం లేదని విసవిసా లోపలికి నడిచింది.

“నా వంతు రాలేదని తెలుసు. ఆ కుర్చీ ఎక్కితే నాకు మళ్ళీ మాట పోతుంది, అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఆ పేజీలు మళ్ళీ పెట్టండి. ఈసారి మీరు తీసుకోవడం లేదు, నేను ఇస్తున్నాను. మీరేం అడగాలనుకున్నారో నాకు తెలుసు. మీరు అడిగేదాకా ఆగడం నా వల్ల కావడం లేదు. ఆదివారం మీరు రాకపోతే నాకు టీ సహించడం లేదు, కాగితం మీద తప్పులు కనిపించడం లేదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

ఎవరూ అడ్డు రాలేదు. గొంతు ఒక్కసారిగా తేలికైపోయినట్టు అనిపించిందామెకు.

డాక్టర్ చేతిలో చిన్న అద్దంతో అలాగే నిలబడిపోయాడు. తాతగారు అతన్నీ ఆమెనూ చూసి చూసి, దూది పీకేశారు.

“చేసుకుంటానని చెప్పవయ్యా! నా దవడ లాగేస్తోందిక్కడ!”

“చేసుకుంటాను,” అన్నాడు డాక్టర్ ఉలిక్కిపడి. మళ్ళీ మెల్లిగా, ఆమెతో, “చేసుకుంటానండీ. ఆదివారం అమ్మనీ నాన్ననీ తీసుకురానా?”

“తీసుకురండి. ముందు తాతగారి సంగతి చూడండి,” అని ఎడిటర్ తడబడుతూ బయటికొచ్చింది.

బయట వదిన ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని ఉంది.

“ఏమండీ, మన అమ్మాయికి పెళ్ళి కుదిరింది. ఇంకెవరు, ఆ డాక్టరే. కాదండీ, అతను కాదు, ఇదే అడిగింది! ఆఁ, నా చెవులతో విన్నాను... సర్లెండి, మీరు ఏడవకండి, అవతల ఆఫీసులో అందరూ చూస్తారు.”