ఎవరూ చూడని కుడిపక్క

పొద్దున్న తొమ్మిదీ యాభైకి ఎర్రకారు మూడో మలుపులో గోడను గుద్దుకుంది.

నడిపిన కుర్రాడి ప్రాణం దక్కింది. ఎడమకాలు దక్కుతుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. ఆపరేషన్ జరుగుతోంది.

మధ్యాహ్నం రెండింటికి ఇన్‌స్పెక్టర్ రేస్ ట్రాక్ చేరేసరికి నేరస్తుడెవరో అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. తెలియనిది ఆమె ఒక్కదానికే.

"మా అల్లుడే!" అన్నాడు కుర్రాడి తండ్రి, ఆమె జీపు దిగీ దిగకముందే. "కారు వెనక సస్పెన్షన్ మొత్తం విప్పి మార్చింది వాడే. వాణ్ని అరెస్టు చేసేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

కదలనన్నాడే గానీ పెద్దాయన ఒక్కచోట నిలబడితే ఒట్టు. కాలుగాలిన పిల్లిలా గేటుకీ షెడ్డుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఆపరేషన్ గది ముందు కూర్చోలేక, కూతుర్ని అక్కడ కూర్చోబెట్టి వచ్చేశాడట.

ఇన్‌స్పెక్టర్ కూడా ఆ తిరుగుడు జాతే. కుర్చీ చూస్తే ఆమె ఒంటి మీద చీమలు పాకుతాయి. ఇద్దరూ నడుస్తూనే మాట్లాడుకున్నారు. ఒళ్లున్న హెడ్ కానిస్టేబుల్ రొప్పుతూ వెనకపడ్డాడు.

"మీ అబ్బాయంటే అల్లుడికి పడదా?"

"ఈ కారు నాది. ముప్పై ఏళ్లు కంటికి రెప్పలా చూసుకున్నాను. రేసులో నేను నడుపుతానన్నాడు వాడు. నేను మావాడికిచ్చాను. అప్పట్నుంచీ మొహం మాడ్చుకునే ఉన్నాడు."

"మొహం మాడ్చుకున్న అల్లుళ్లందర్నీ లోపలేస్తే మా లాకప్పులు చాలవండీ."

పెద్దాయన గేటు దగ్గర గిర్రున వెనక్కి తిరిగాడు.

"మీరూ మెకానిక్కేనటగా?"

"అవును. వాడికి పానా పట్టడం నేర్పింది నేనే. నా బుద్ధికి గడ్డి పెట్టాలి."

షెడ్డులో కారుంది. ఎడమవైపు నలిగిపోయింది. దాని పక్కనే ఒక టైరు మీద కూర్చుని ఉన్నాడు అల్లుడు. చేతులకి గ్రీజు ఇంకా కడుక్కోలేదు.

"ఏం మార్చారు? నాకర్థమయ్యేలా చెప్పండి."

"పాత స్పోర్ట్స్ కారు మేడం. వెనక స్ప్రింగులు మెత్తన. రోడ్డుకి బాగుంటాయి. ట్రాక్ మీద అయితే మలుపులో బండి ఒరిగిపోతుంది. అందుకే గట్టి స్ప్రింగులు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేశాను. రబ్బరు బుష్‌లు తీసేసి లోహపు జాయింట్లు పెట్టాను. ఆఖర్న లావుపాటి యాంటీ రోల్ బార్."

"అదేంటి?"

"వెనక చక్రాలు రెండిటినీ కలిపే కడ్డీ. బండి ఒరక్కుండా పట్టుకుంటుంది. కడ్డీ కొసల నుంచి ఒక్కో లింకు చక్రం వైపు దిగుతుంది. ఇదిగో, ఎడమపక్క లింకే ఊడింది. ఊడి, టైరు లోపలి అంచుని చీల్చింది."

"అంటే మీరు సరిగ్గా బిగించలేదు."

"బిగించాను."

"మరెలా ఊడింది?"

"పొద్దుట్నుంచీ నన్ను నేను అదే అడుక్కుంటున్నాను." అతను పైకప్పు వైపు చూస్తూ రెప్పలార్పాడు. "వాడు నా బావమరిది మేడం. గొడవపడితే పడ్డాం. కాలు పోవాలని కోరుకుంటానా?"

ఏడ్చే మగవాళ్లని నమ్మకూడదని ఇన్‌స్పెక్టర్‌కి పాత అనుభవం. అయినా ఇతను ఏడవకుండా ఉండటానికే నానా తంటాలూ పడుతున్నాడు. ఆ సంగతి ఆమెకి నచ్చింది.

"టార్చి ఇవ్వండి."

హెడ్ కానిస్టేబుల్ ఎడమవైపు చూపించాడు. "ఇటు మేడం. విరిగింది ఇటు."

"విరిగినదాన్ని పొద్దుట్నుంచీ ఊరంతా చూసింది."

ఆమె కుడిపక్క నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరింది. యూనిఫాం సంగతి తరవాత.

అటు అంతా చెక్కుచెదరలేదు. కడ్డీకి కొత్త నల్లరంగు. కొసన రెండు రంధ్రాలు, లోపలిదొకటి, చివరిదొకటి.

"రెండు రంధ్రాలెందుకు?"

"లోపలి దాంట్లో లింకు బిగిస్తే బండి గట్టిగా ఉంటుంది. చివరి దాంట్లో అయితే మెత్తగా."

"మీరెందులో బిగించారు?"

"రెండు పక్కలా లోపలిదే."

కుడి లింకు చివరి రంధ్రంలో ఉంది.

ఆమె టార్చి దగ్గరగా పెట్టింది. ఖాళీగా ఉన్న లోపలి రంధ్రం చుట్టూ రంగు గుండ్రంగా గీసుకుపోయింది. అక్కడ బోల్టు బిగించారు, తరవాత విప్పారు. చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ కింద కూడా రంగు ఒకచోట లేచింది. జాకీ మొన ఆనిన గుర్తు.

"ఆర్మ్ కింద జాకీ పెట్టారా?"

"ఎందుకు పెడతాను? మా వర్క్‌షాపులో లిఫ్ట్ ఉంది. రబ్బరు లేని జాయింట్లకి ఆ అవసరమే లేదు. ఇక్కడికొచ్చాక ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా తప్ప నేను కారు వదిలిందీ లేదు."

ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చి దుమ్ము దులుపుకుంది. ఒక్కచోట నిలవలేకపోయింది. పక్క షెడ్డులోకి నడిచింది.

అది తారాజువ్వది. ట్రాక్ మీద అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. రేసులో ఎర్రకారుకి పోటీ ఇతనే. ఆమెని చూస్తూనే లేచి నిలబడ్డాడు.

"నాకేం తెలీదండీ! నేనసలు ఆ కారు ముట్టుకోలేదు!"

"ముట్టుకున్నావని ఎవరన్నారు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా ఎక్కడున్నావ్?"

"డ్రైవర్ల మీటింగులో. డ్రైవరూ మెకానిక్కూ ఇద్దరూ వెళ్లకపోతే ట్రాక్ మీదికి రానివ్వరు. ఎర్రకారు వాళ్లిద్దరూ నా ముందు వరసలోనే కూర్చున్నారు."

"తిరిగొచ్చాక ఇక్కడేమైనా తేడాగా అనిపించిందా?"

తారాజువ్వ తల గోక్కున్నాడు. "చిన్న విషయమే. గోడవారగా పెట్టిన మా జాకీ వాకిట్లో ఉంది. తట్టుకుని పడబోయాను. ఎవడ్రా తీసిందని తిట్టుకున్నాను కూడా."

ఆమె మళ్లీ ఎర్రకారు దగ్గరికి వచ్చింది. ఎడమ వెనకచక్రం పొద్దున్న నిలిచిన చోట మోకాళ్ల మీద వెతికింది. నేలపలకల సందులో వేలి ఉంగరమంత ఇనుప ముక్క ఒకటి దొరికింది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుంది.

"పెద్దాయన్ని పిలవండి. తారాజువ్వని కూడా."

నలుగురూ కారు చుట్టూ చేరారు. పెద్దాయన అల్లుడి మొహం చూడకుండా నిలబడ్డాడు.

"అరెస్టు చేస్తున్నారా?"

"ఒక్క డౌటు తీర్చండి. మీరు అనుభవజ్ఞులు. ఇలాంటి లింకు బోల్టు ఎలా బిగించాలి?"

"ముందు ఆర్మ్ కింద జాకీ పెట్టి లేపాలి." ఆయనకి తెలియకుండానే చేతులు లేచాయి. "చక్రం నేల మీద ఉన్నప్పటి బరువు దాని మీద పడాలి. అప్పుడు బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి చిరిగిపోతుంది."

"ఇందులో రబ్బరు లేదు కదండీ."

"లేకపోతే ఏం? నా అలవాటు నాది. పని పద్ధతిగా..."

ఆయన ఆగిపోయాడు. లేచిన చేతులు అలాగే ఉండిపోయాయి.

ఇన్‌స్పెక్టర్ మెల్లగా చెప్పింది. ఇలాంటి మాటలు మెల్లగా చెప్పడం ఆమెకి చేతకాదు, అయినా చెప్పింది.

"అందరూ ఊడిన లింకునే చూశారు. చంపాలనుకున్నవాడికి ఒక్క బోల్టు వదులు చేస్తే చాలు. కుడిపక్కది కూడా విప్పి, మెత్తటి రంధ్రంలోకి మార్చి, అంత గట్టిగా ఎందుకు బిగిస్తాడు? ఇది చంపాలనుకున్నవాడి పని కాదు. బండి మరీ గట్టిపడిందని భయపడ్డవాడి పని. రబ్బరు రోజుల్లో పని నేర్చినవాడి పని. మీటింగుకి వెళ్లక్కర్లేనివాడి పని."

"వెనక అంత గట్టిగా ఉంటే మలుపులో తోక విసిరేస్తుంది!" పెద్దాయన అరిచాడు. "రాత్రంతా మొత్తుకున్నాను ఇద్దరితో. వింటేనా! వాడు నా కొడుకు. చూస్తూ ఊరుకోనా?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పడానికేముంది? నేను గట్టిగానే బిగించాను! ఊడింది వీడు బిగించిందేదో అనుకున్నాను." నలిగిన ఎడమవైపు చూస్తూ మళ్లీ అన్నాడు. "అనుకోవాలనిపించింది."

ఇన్‌స్పెక్టర్ గుప్పిట విప్పింది. అల్లుడు ఆ ఇనుప ముక్కని చూడగానే కళ్లు మూసుకున్నాడు.

"స్పేసర్," అన్నాడు. "లోహపు జాయింటుకి రెండు పక్కలా సందు పూడ్చడానికి ఒక్కోటి ఉండాలి. బోల్టు లాగితే జారి పడుతుంది. రబ్బరు లింకులకి ఇవి ఉండవు మామయ్యగారూ. ఇది లేకపోతే నట్టు, బోల్టు మరలు అయిపోయిన చోట ఆగుతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది. జాయింటు మాత్రం లోపల ఆడుతూనే ఉంటుంది."

పెద్దాయన తన కుడిచేతిని చూసుకున్నాడు. ఏ నట్టయినా ఎంత బిగిసిందో ఆ చెయ్యి చెబుతుందని ఊరంతా అనేవాళ్లు.

తారాజువ్వ చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్లిపోయాడు. హెడ్ కానిస్టేబుల్ ఏం చెయ్యాలో తెలియక ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కేసు రాయక తప్పదు. కానీ ఈ క్షణాన కాదు.

అల్లుడి ఫోన్ మోగింది. భార్య. అతను స్పీకర్ నొక్కాడు.

"ఏవండీ, కాలు దక్కింది!" ఏడుస్తూ నవ్వుతోంది. "నడవడానికి నెలలు పడుతుందట. ఇప్పుడే కళ్లు తెరిచాడు. నాన్న ఉన్నారా అక్కడ? మాట్లాడతానని ఒకటే గొడవ చేస్తున్నాడు. ఇదిగో, ఇస్తున్నాను."

అల్లుడు ఫోన్ పెద్దాయన చేతిలో పెట్టాడు. అది జారిపోకుండా కింద తన చెయ్యి ఆనించాడు.

"నాన్నా..." మత్తు వదలని గొంతు. "బావని ఏమైనా అన్నావా? ఏమీ అనకు. మొదటి రెండు రౌండ్లూ వెనక భాగం భలే పట్టుకుంది నాన్నా. వెన్నలా. అంత మెత్తగా ఎలా సెట్ చేశాడో... బావకి చెప్పు, నేను మెచ్చుకున్నానని."

పెద్దాయన అల్లుడి వైపు చూశాడు. ఆ పొద్దుట్నుంచీ చూడటం అదే మొదలు. అల్లుడు తల దించుకున్నాడు. మామ వద్దంటే అసలు సంగతి ఎవరికీ చెప్పకుండా ఊరుకునేలా ఉన్నాడు.

"నాన్నా? ఉన్నావా?"

"ఉన్నాన్రా," అన్నాడు పెద్దాయన. "అది బావ చేసింది కాదు. నేను."