ఆరో భాగంలో ఏడు రోజులు

"మా ఆయన్ని ఉరి తీస్తారా అయ్యా?"

గడప దాటకముందే నిర్మలమ్మ అడిగిన మొదటి మాట అది. వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న డిటెక్టివ్ దామోదరం తల ఎత్తలేదు.

"ఉరి తీయరమ్మా. రెండేళ్లు వేస్తారు. ఆయన ఆరోగ్యం ఎట్లుండాది?"

"ఉబ్బసం. చిత్తూరు జైల్లో చెమ్మ నేల మీద పండుకుంటే ఒక్క వానాకాలం కూడా దాటడు."

"అయితే రెండూ ఒకటే" అన్నాడు దామోదరం, పప్పు నోట్లో వేసుకుంటూ.

అసిస్టెంటు గోవిందస్వామి చప్పున కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టాడు. నాలుగేళ్లుగా దామోదరం దగ్గర పనిచేస్తున్నాడు. ఆ బుర్రంటే అతనికి భక్తి, ఆ నోరంటే భయం. ఆమె వెనకాల గొడుగు పట్టుకుని పాతికేళ్ల కుర్రవాడు నిలబడ్డాడు. తమ్ముడు ప్రేమానందమట.

1946 జూన్‌లో తిరుపతిలో ఎవరిని కదిపినా ఆ కేసు గురించే మాట్లాడేవారు. ఊరి చివర ఒక ధర్మసంస్థ ప్రసూతి వార్డు కట్టిస్తోంది. ఇనప దూలాల మధ్య ఇటుకలతో వంపులు కట్టి, సున్నంతో బిగించే కప్పు. ఆ సున్నం గట్టిపడేదాకా కింద సవుక కట్టెలతో సెంట్రింగు నిలబెట్టి ఉంచాలి. ఎనిమిదో రోజున ఆ కట్టెలు తీశారు. కప్పు మొత్తం కూలింది. కుప్పయ్య మేస్త్రీ, గంగులమ్మ అనే కూలీ మనిషి నలిగిపోయారు. గంగులమ్మను గుర్తుపట్టింది కాలి మెట్టెలను బట్టి.

నిర్మలమ్మ భర్త శాంతయ్య ఆ కట్టడానికి స్పెసిఫికేషన్ బుక్కు రాసినవాడు. ఏ ఇటుక వాడాలి, సున్నం ఎన్నాళ్లు నానాలి, ఏ పని తరువాత ఏ పని చేయాలి, అంతా అందులో ఉంటుంది. వంపుల పని మొదలుకాక ముందురోజే ఆయన వేరే కట్టడం బుక్కు రాయడానికి చిత్తూరు వెళ్లాడు. కప్పు కూలాక పోలీసులు అక్కడే పట్టుకున్నారు.

"కట్టెలు ఎన్నాళ్లుంచాలనే దానికి బుక్కులో రెండు లెక్కలుండాయి సార్" అన్నాడు ప్రేమానందం మెల్లగా. "తొమ్మిదో భాగంలో ఇరవై ఒక్క రోజులని, ఆరో భాగంలో ఏడు రోజులని. బావకు వయసైపోయింది. ఎక్కడో పొరబడినాడు. నేను ఆ కట్టడంలోనే సైటు గుమాస్తాను. ఆరో భాగం సదివి వినిపించింది నేనే. నా నోటితోనే ఇద్దరు పోయినారు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నిర్మలమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"తొమ్మిదేళ్లప్పటి నుంచి మా ఇంట్లోనే పెరిగినాడయ్యా. అన్నం తినడం మానేసినాడు."

"పాపం" అన్నాడు దామోదరం. పొట్టు కిటికీలోంచి పారేశాడు.

బుక్కు పోలీసు స్టేషన్లో ఉంది. ఇన్‌స్పెక్టరు పాత పరిచయస్తుడు కావడంతో అక్కడే బల్ల మీద చదువుకోనిచ్చాడు. ఇంగ్లీషులో టైపు చేసిన అరవై నాలుగు పేజీలు, రెండు ఇత్తడి మేకులు గుచ్చి బిగించినవి. మధ్యాహ్నం దాకా దామోదరం ఒక్క పేజీ కూడా వదలకుండా చదివాడు. గోవిందస్వామికి రెండుసార్లు కునుకు పట్టింది.

"గోవిందసామీ, ఈయన ఎట్లాంటి మనిషో తెలిసిందా?"

"శుద్ధ మొండి మనిషిలా ఉన్నాడు సార్. సున్నం ఎట్లా కలపాలో మూడో భాగంలో చెప్పినాడు. తరువాత ఎక్కడ సున్నం మాట వచ్చినా 'మూడో భాగం చూడుము' అంటాడే గాని మళ్లీ చెప్పడు."

"ఎందుకు చెప్పడు?"

"బద్ధకమేమో సార్."

"బద్ధకస్తుడు అరవై నాలుగు పేజీలు రాయడు. సరే. పేజీల అడుగున ఏముందో చూడు."

కొన్ని పేజీల అడుగున ఇంజనీరు పచ్చసిరా పొట్టి సంతకం ఉంది. కొన్నింటికి లేదు. సంతకం ఉన్న ప్రతి పేజీలోనూ ఏదో ఒక కొలతో, రోజుల లెక్కో ఉంది. ఇరవై ఒక్క రోజులని ఉన్న తొమ్మిదో భాగానికి సంతకం ఉంది. ఆరో భాగానికి లేదు. ఇవి కాక, పేజీల అంచున ఎర్రటి మచ్చలున్నాయి. ఇటుక పొడి కలిపిన సున్నంలో ముంచిన బొటనవేలి గుర్తులవి. కొన్ని పేజీలకు ఒకటి, కొన్నింటికి రెండు, పునాదుల పేజీకి మూడు. ఆరో భాగం పేజీకి ఒకటే ఉంది.

గోవిందస్వామి అన్నీ నోటుబుక్కులో ఎక్కించాడు. దేనికి పనికొస్తాయో అతనికి అంతుపట్టలేదు.

మర్నాడు రైల్లో చిత్తూరు వెళ్లారు. జైలు ఆఫీసుగదిలో శాంతయ్య ఎగశ్వాసతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దామోదరం తాను ఎత్తి రాసుకున్న ఆరో భాగం కాపీని ఆయన ముందు పెట్టాడు.

"ఇది మీరు రాసిందేనా?"

ఆయన దాన్ని ఒక్కసారి చూసి తిప్పి పెట్టేశాడు. "నేను రాసిందే."

"ఏడు రోజులని?"

"నేనే రాసినాను. తప్పు నాదే. నా పెండ్లాం మాట విని మీరు తిరగొద్దండి."

బయటికి రాగానే గోవిందస్వామి నీరుగారిపోయాడు. "ఒప్పేసుకున్నాడు గదా సార్! ఇంకేముంది?"

"అబద్ధం చెప్పడం చేతగాని మనిషి" అన్నాడు దామోదరం. "ఆ అబద్ధం ఎవరి కోసమో మనకు కావాలి."

కూలిన వార్డు దగ్గర ఇటుకల కుప్ప ఇంకా తీయలేదు. కాంట్రాక్టరు మునిస్వామి చెట్టు నీడన నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు.

"సవుక కట్టెలేవప్పా?" అని అడిగాడు దామోదరం.

"యాడికి పోతాయి సార్? రేణిగుంటలో గోడౌను కడతా ఉండాను. ఆడికి తోలించినాను. యుద్ధం అయిపోయినా కట్టె దొరికే కాలమా ఇది?"

"ఎప్పుడు తోలించినావు?"

"కూలిన మర్నాడు."

"శవాలు లేచినాకనా, లేవకముందా?"

మునిస్వామి మీసం మీది చెయ్యి దించేశాడు.

ఇటుకల కుప్ప పక్కన ఒక ముసలామె కూర్చుని మంచి ఇటుకలను వేరుగా పేరుస్తోంది. చనిపోయిన గంగులమ్మ తల్లి తిరుమలమ్మ.

"ఈ పని ఎవరు చెప్పినారమ్మా నీకు?"

"ఎవురూ చెప్పలే. నా బిడ్డ దీని కింద సచ్చింది. ఇంగ యాడికి పోయేది సామీ?"

"కుప్పయ్య మేస్త్రీ ఎట్లాంటివాడు?"

"రాయను సదవను రాదు ఆయప్పకు. అయినా బుక్కు సదవందే పని మొదులుపెట్టడు. ఆ గుమాస్తా అబ్బయ్య తెలుగులో సెప్తా ఉంటే మేమంతా సుట్టూ నిలబడి వినాల. సదివిన కాయితం మీద సున్నంలో ముంచి యేలు పెడతాడు. ఎన్నిసార్లు సదివిస్తే అన్నిసార్లు పెడతాడు. మాకు నవ్వు. దేవుడికి బొట్టు పెట్టినట్టు పెడతాడని ఎగతాళి సేస్తాము."

"వంపుల కాగితం, అదే ఆరో భాగం, ఎన్నిసార్లు చదివించినాడు?"

"రెండు తూర్లు. కట్టే ముందర ఒగ తూరి. కట్టెలు తీసే దినం ఇంగొగ తూరి. రెండు తూర్లూ యేలు పెట్టినాడు, నా కండ్లతో సూసినాను. తీసేటప్పుడు మేస్త్రీ కప్పు కిందనే నిలబడాల. అది మా పన్లో మర్యాద. నిలబడినాడు. నా బిడ్డ కట్టెలు మోస్తా ఉండింది."

"గుమాస్తా ఎక్కడున్నాడు?"

"సదివేసి, బుక్కుండే పెట్టె సంకన పెట్టుకుని రోడ్డవతలికి పోయినాడు. ఎండగా ఉండాదని."

దామోదరం లేచి దుమ్ము దులుపుకున్నాడు. "గోవిందసామీ, ఇన్‌స్పెక్టరుకు చెప్పు. శుక్రవారం పది గంటలకు అందర్నీ ఇక్కడికే రమ్మను. శాంతయ్యను కూడా తెప్పించమను."

శుక్రవారం ఇటుకల కుప్ప ముందు రెండు బల్లలు వేశారు. ఒకదాని మీద నిర్మలమ్మ, ప్రేమానందం కూర్చున్నారు. ఇంకోదాని మీద మునిస్వామి కూర్చున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య శాంతయ్య ఊపిరి అందక నిలబడ్డాడు. తిరుమలమ్మ నేల మీదనే ఉంది. బుక్కు ఇన్‌స్పెక్టరు చేతిలో ఉంది.

"ఈ బుక్కు రాసిన మనిషికి ఒక పట్టు ఉంది" అని మొదలుపెట్టాడు దామోదరం. "ఏ విషయమైనా ఒక్కచోటే చెబుతాడు. రెండుచోట్ల చెబితే, రేపు ఒకచోట దిద్ది ఇంకోచోట మరిచిపోతే మనుషులు చస్తారని ఆయన భయం. అరవై నాలుగు పేజీల్లో రెండుసార్లు చెప్పిన లెక్క ఒకే ఒక్కటి. సెంట్రింగు రోజులు. అది కూడా ఇరవై ఒకటి ఒకచోట, ఏడు ఒకచోట. ఆరో భాగంలో అసలు ఉండవలసింది 'తొమ్మిదో భాగం చూడుము' అన్న ముక్క మాత్రమే. ఎవరో ఆ కాగితం మార్చినారు."

"తొమ్మిదో భాగమే మార్చొచ్చు గదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దాని మీద ఇంజనీరు పచ్చసంతకం ఉంది. లెక్క ఉన్న ప్రతి పేజీకీ ఉంటుంది. మొదట లెక్క లేని ఆరో భాగానికి సంతకం లేదు గనక మార్చడం సులువు. కానీ మార్చినవాడు అందులో లెక్క పెట్టినాడు, సంతకం మాత్రం పెట్టలేకపోయినాడు. ఇక కుప్పయ్య వేలు. ఈ పేజీ రెండుసార్లు చదివించి రెండుసార్లు వేలు పెట్టడం తిరుమలమ్మ చూసింది. పేజీకి ఒకటే ఉంది. అంటే మొదటి చదువుకూ రెండో చదువుకూ నడుమ కాగితం మారింది. అప్పుడు శాంతయ్య చిత్తూరులో ఉన్నాడు."

నిర్మలమ్మ ముఖం వెలిగిపోయింది. "నేను సెప్పలేదా అయ్యా! మా ఆయన తప్పు సేసే మనిషి కాదని!"

"చెప్పినారమ్మా. కానీ ఈ కాగితం టైపు చేసింది మీ ఇంట్లో ఉండే మిషన్ మీదనే. మిగతా పేజీల అక్షరాలతో సరిపోయినాయి. ఎవరైనా దొంగతనంగా దూరి టైపు చేసినారేమో తేలితే మీ ఆయన ఇవాళే ఇంటికొస్తాడు. ఆయన ఊళ్లో లేని ఆ వారంలో మిషన్ శబ్దం మీకు వినిపించిందా? బాగా గుర్తు చేసుకోండి."

శాంతయ్య ఉలిక్కిపడ్డాడు. "నిర్మలా, మాట్లాడొద్దు!"

కానీ ఆమె ఆత్రంగా ఉంది. భర్త ప్రాణం ఆ జవాబులో ఉందని ఆమెకు తెలుసు.

"దొంగలెవురూ రాలేదయ్యా. నేను ఇల్లు కదల్లేదు. ఆదివారం ఒక్కటే మోగింది. తమ్ముడు ఏదో అర్జీ టైపు సేసుకుంటా ఉండె. నేనే కాఫీ కూడా..."

అక్కడ ఆగిపోయింది. ఆమె తల తిప్పి తమ్ముణ్ణి చూడడం గోవిందస్వామి చూడలేకపోయాడు. కళ్లు దించుకున్నాడు.

"రెండుసార్లూ చదివింది ఇతనే" అన్నాడు దామోదరం, గొంతు మార్చకుండా. "కాగితం మారిందని తెలియని మనిషి కాదు. పెట్టె తాళంచెవి ఇతని దగ్గరే. మునిస్వామికి కట్టెలు కావాలి. కుప్పయ్య పుస్తకం వినందే ముట్టడు. అందుకని పుస్తకాన్నే మార్చినారు. రేణిగుంట గోడౌనులో ఇతనికి ఓవర్సీరు పని ఇస్తానన్నావా మునిస్వామీ?"

"నేను కట్టెలు కావాలన్నాను గాని చంపమన్లేదు సార్!" అని అరిచాడు మునిస్వామి. "కాయితం సంగతి వాడిదే!"

"ఏడు దినాలు సాలని నువ్వే గదా అన్నావు!" ప్రేమానందం లేచి నిలబడ్డాడు. "అక్కా, నాకు తెలీదక్కా! నిలుస్తుందనే అనుకున్నా!"

"నిలుస్తుందనుకున్నవాడివి రోడ్డవతలికి ఎందుకు పోయినావు?" అని అడిగాడు దామోదరం.

కానిస్టేబుల్ ప్రేమానందం చేతులకు సంకెళ్లు వేశాడు.

శాంతయ్య ఇటుకల మీద కూలబడ్డాడు. "ఏడు రోజులని చూడగానే తెలిసింది నాకు" అన్నాడు ఎగశ్వాస మధ్య. "వాడికి టైపు నేర్పింది నేనే. నిర్మలకు వాడు తప్ప పుట్టింటివాళ్లు ఎవరూ లేరు."

"నీ బామ్మర్దిని బాగానే కాపాడుకుంటివి సారూ" అంది తిరుమలమ్మ, చేతిలోని ఇటుక కింద పెట్టకుండా. "నా బిడ్డకు ఇద్దరు పిల్లోళ్లు. వాళ్ల ముందర గూడా నువ్వే సంపినావని సెప్పేవాడివా? వాళ్లు బతికినన్నాళ్లు తప్పుడు మనిషిని తిట్టుకుంటా ఉండాల్నా?"



ప్రేమానందం "అక్కా, అక్కా" అంటూనే జీపు ఎక్కాడు. నిర్మలమ్మ బల్ల మీదనుంచి కదల్లేదు. జీపు వెళ్లాక దామోదరం దగ్గరికి వచ్చింది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"వాడేనని మీకు ముందే తెలుసు."

"తెలుసు."

"నాకు సాటుగా సెప్పుండొచ్చు గదా. నా నోటితోనే పలికించాల్నా?"

"వేలిముద్ర చాలదమ్మా. ముసలామె తప్పు చూసిందని ప్లీడరు ఒక్క పూటలో తేల్చేస్తాడు. అక్క చెప్పిన మాటను కొట్టిపారేయలేడు." దామోదరం ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. "వాడేనని ముందే చెప్పి ఉంటే, ఆదివారం సంగతి మీరు నాకు చెప్పేవారా?"

నిర్మలమ్మ దూరంగా ఇటుకల మీద దగ్గుతున్న భర్తను చూసింది.

"సెప్పేదాన్ని కాదు" అంది.