కనబడని బటన్

"బటన్ మళ్లీ మాయం చేశారా?"

టెస్టర్ అమ్మాయి వస్తూనే అడిగేసింది. డెవలపర్ కుర్రాడు హెడ్‌ఫోన్స్ తీసి అమాయకంగా మొహం పెట్టాడు. ఆ అమాయకత్వం మీదే ఆమెకి అసలు అనుమానం.

చెప్పులమ్మే వెబ్‌సైట్ అది. పేజీలు అతను తయారుచేస్తాడు. రోజూ పొద్దున్నే బ్రౌజర్‌ని తనంతట తానే తెరిచి, అన్నీ నొక్కి చూసే ప్రోగ్రామ్ ఆమె రాసింది. కొన్నాళ్లుగా అది 'ఆర్డర్ బటన్ లేదు' అని చేతులెత్తేస్తోంది. తీరా ఇతని సీటు దగ్గరికొస్తే, బటన్ బుద్ధిగా తెర మీదే ఉంటుంది!

"ఇదిగో, ఉందిగా! కూర్చోండి, ఇంకోసారి చూద్దాం," అంటూ పక్క కుర్చీ జరిపాడు. ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీగా, తుడిచిపెట్టి ఉంటుంది. అదీ అనుమానమే.

"నేను రాగానే పెడతారు, వెళ్లగానే తీసేస్తారు. నా మీద ఏం పగండీ మీకు? సాయంత్రంలోగా ఇది తేలకపోతే ప్రోగ్రామ్‌తో పాటు నన్నూ ఇంటికి పంపేస్తారట మేనేజర్ గారు!"

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ మాట నాకు చెప్పలేదే!"

"చెప్తే ఏం చేసేవారు?"

కిటికీ అవతల వాన అందుకుంది. అతను నసిగాడు.

"బటన్ ఎక్కడికీ పోలేదండీ. కొనేవాళ్ల అడ్రస్ లోడయ్యాకే వచ్చేలా పేజీ మార్చాను. మనం చూసేలోగా వచ్చేస్తుంది. మీ ప్రోగ్రామ్‌కి అంత ఓపిక లేదు. పేజీ తెరుచుకోగానే వెతికి, లేదనేస్తోంది. బటన్ వచ్చేదాకా ఆగమని ఒక్క లైన్ రాస్తే చాలు."

"ఇది ఎప్పట్నుంచి తెలుసు?"

"మీరు రెండోసారి వచ్చినప్పట్నుంచీ."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. "నా ఉద్యోగం పోతుంటే వినోదం చూశావా?" 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"చెప్పేస్తే ఇక ఇటు రారని... మీరంటే నాకిష్టం. మీరు పోట్లాడకపోతే తెల్లారినట్టే ఉండదు. కానీ చేసింది తప్పే."

లేచి తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్లాడు. తలుపు మూయలేదు. పేజీ మార్చి టెస్టర్‌కి చెప్పనిది తానేనన్నాడు. తర్వాత చాలాసేపు అక్షింతలు పడ్డాయి. చివర్లో మేనేజర్ గారి గొంతు, "ఆ అమ్మాయి ప్రోగ్రామ్ జోలికి వెళ్లం. ముందు నువ్వు క్షమాపణ చెప్పు!"

ఈలోగా ఆమె ఆ లైన్ రాసి నడిపింది. ప్రోగ్రామ్ ఒక్క క్షణం ఆగి, బటన్ నొక్కి, పాసైంది. ఆమె కోపం సగం దిగిపోయింది. మిగతా సగాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నా నిలవలేదు.

అతను చెవులెర్రబడి వచ్చాడు. "సారీ. పాసైందా?"

"అయింది. ఇంకేమైనా దాచావా?" కళ్లు చిన్నవి చేసి అడిగింది.

"లేదు, ఒట్టు. ఇక మీరు ఇటు రారుగా?"

"రాను," అంది ఆమె. అతని మొహం వాడిపోయేదాకా చూసి, అప్పుడు నవ్వింది. "ఇన్నాళ్లూ నేనే నడిచాను. రేపట్నుంచి నువ్వు రా."